నవ్వి నవ్వి 2.25 ఇస్తాడా? పావు మాస్టారి రేటింగుల మీద పంచాయితీ

గవర్నర్‌పేట_గోపి
వీడియోల్లో సినిమా రివ్యూలు చెప్పే మన పావు మాస్టారి సంగతి ఇవాళ తేలిపోవాలి. పేరెందుకులే, బెజవాడ గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2 అనో 3 అనో నిండు అంకె ఇచ్చిన పాపాన పోడు, ఎప్పుడు చూసినా 2.25, 2.75, 3.25, రైతు బజార్లో పచ్చిమిరపకాయలు తూచినట్టు. నిన్న రాత్రి ఈ రెండు మూడేళ్ళ సినిమాలన్నీ వరసపెట్టి గంటన్నర వీడియో వదిలాడు, పాత రేటింగుల్లో ఒక్కటి కూడా మార్చను అని తొడగొట్టి మరీ. సంక్రాంతికి వస్తున్నాం దగ్గరకొచ్చేసరికి మళ్ళీ అదే 2.25, "నవ్వు రాలేదు అనను గానీ నిలబడే సినిమా కాదు" అన్నాడు. నవ్వు రాలేదు అనను గానీ ఏంటండీ, 2025 జనవరి 14 మార్నింగ్ షో గాంధీనగర్‌లో నా ముందు వరసలో కూర్చుంది ఆయనే. ఆ బుల్లిరాజు పిల్లాడు నోరు తెరిచిన ప్రతిసారీ ఈయన కుర్చీ ఊగిపోయింది, కళ్ళజోడు తీసి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, పక్కనున్న ముక్కూ మొహం తెలీని మనిషి తొడ మీద చరిచాడు కూడా. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే 2.25. పండగ సినిమాలు తప్పిస్తే నాలుగేళ్ళుగా ఈయన రివ్యూ చూడకుండా నేను టికెట్ కొనలేదు, ఆ రోజుతో మనసు విరిగింది. నా డౌటు ఒక్కటే. థియేటర్లో నవ్విన మనిషి, ఇంట్లో రేటింగ్ ఇచ్చిన మనిషి ఇద్దరూ ఒకళ్ళేనా?

ఫస్ట్‌షో_ఫణి
మా బావమరిది పెళ్ళి పీటల మీంచి జారి పడితే నేనూ నవ్వా, వాడికెంత ఇవ్వమంటావు

గవర్నర్‌పేట_గోపి
పడిన తీరు బాగుంటే 3.25

పటమట_పద్మ
గోపి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఆ సినిమాకి మేం 11 మందిమి వెళ్ళాం, మా అత్తగారు, ఆవిడ చెల్లెలు, తెనాలి నుంచి మా ఆడపడుచు పిల్లలు. మా అత్తగారు థియేటర్‌కి వచ్చి ఎనిమిదేళ్ళయింది, మోకాళ్ళ నొప్పి, ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. భార్యకీ పాత ప్రేయసికీ మధ్య హీరో నలిగిపోతుంటే ఆవిడ "బాగా అయ్యింది వెధవకి" అని పైకే అనేసింది, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసి నవ్వారు. ఆ మాట రివ్యూలో ఎక్కడ పెడతారు? లాజిక్ లేదంటాడు మాస్టారు, పండగ పూట లాజిక్ ఎవరికి కావాలి, ఆ మూడు రోజులు మా ఇంట్లో వంటకే లాజిక్ ఉండదు.

బ్రాడీపేట_భాను
నేను ఇందులో మాస్టారి వైపు. నవ్వొచ్చింది వేరు, సినిమా మంచిది వేరు. చక్కిలిగింతలు పెట్టినా నవ్వొస్తుంది. ఆయన నవ్వలేదని అబద్ధం చెప్పలేదుగా, నిలబడదు అన్నాడు.

గవర్నర్‌పేట_గోపి
300 కోట్లు దాటిందని నిర్మాతలే పోస్టర్ వేసుకున్నారు భాను గారూ, ఇంకెట్టా నిలబడాలి, ఒంటికాలి మీదా?

బ్రాడీపేట_భాను
కోట్లు సరే. మళ్ళీ కూర్చుని చూశారా మీరు?

గవర్నర్‌పేట_గోపి
టీవీలో వస్తే సగం నుంచి చూశా.

బ్రాడీపేట_భాను
నవ్వారా?

గవర్నర్‌పేట_గోపి
ఫోన్ చూసుకుంటూ చూశానండీ, అది లెక్కలోకి రాదు

ఫస్ట్‌షో_ఫణి
దొరికాడు

కొత్తపేట_కారం
సామీ ముందు మా గుంటూరు కారం సంగతి తేల్చండి. దానికి కూడా 2.25 ఇచ్చాడు, అది నేను ఒప్పుకుంటా, నేనైతే ఆ పావు కూడా తీసేసేవాణ్ణి. కానీ రివ్యూలో "గుంటూరు మిర్చి యార్డు వాతావరణం సహజంగా ఉంది" అన్నాడు చూడు, అక్కడ నాకు తిక్క రేగింది. నేను పదిహేనేళ్ళుగా యార్డులో కమీషన్ కొట్లో ఉన్నా. సీజన్లో తేజ రకం మిర్చి టిక్కీ, అదే బస్తా, విప్పినప్పుడు ఆ ఘాటుకి కళ్ళు మండి, ముక్కు కారి, మనిషి దగ్గుతో వంగిపోతాడు, మొహానికి తువ్వాలు చుట్టుకోకుండా ఎవడూ నిలబడడు. హమాలీల చొక్కాలు చూడు, సాయంత్రానికి తెల్ల చొక్కా ఇటుక రంగు. సినిమాలో హీరో గారు బీడీ వెలిగించి బ్రహ్మాండంగా తిరుగుతుంటాడు, ఒక్క తుమ్ము లేదు. హీరో కాబట్టి తుమ్మడు, నేనొప్పుకుంటా, వెనకాల నిలబడ్డ యాభై మందిలో ఒక్కడన్నా తుమ్మొద్దా? సహజం అంట. యార్డుకొచ్చి పది నిమిషాలు నిలబడమను, పావు కాదు పూర్తి తుమ్ములు ఇస్తా.

వన్‌టౌన్_వాసు
😂😂 పూర్తి తుమ్ములు

పటమట_పద్మ
మా వారు యార్డు పక్క రోడ్డున బండి మీద వెళ్తేనే తుమ్ముతారు

నాజ్‌సెంటర్_నజీర్
2024 సంక్రాంతి అసలు గోల మర్చిపోయారా. జనవరి 12నే గుంటూరు కారం, హనుమాన్ రెండూ దిగాయి, 13న సైంధవ్, 14న నా సామిరంగ. హనుమాన్‌కి మా ఊళ్ళో తెరలే దొరకలా. మాస్టారు దానికి 3.25 ఇచ్చి "థియేటర్లు పెంచండయ్యా" అని వీడియోలో అరిచాడు. రెండో వారానికి నిజంగానే పెరిగాయి. ఆ క్రెడిట్ ఇవ్వాలి మరి.

ఫస్ట్‌షో_ఫణి
ఆయన అరిచినందుకు పెరగలా నజీర్ భాయ్, జనం ఎగబడ్డందుకు పెరిగాయి. కోడి కూసిందని తెల్లారదు

వన్‌టౌన్_వాసు
పుష్ప 2 కి 2.75 ఇచ్చి నిడివి ఎక్కువైంది అన్నాడు, 3 గంటల 20 నిమిషాలు. ఆ ఒక్కటీ నేను సమర్థిస్తా, జాతర సీన్ అద్భుతం, ఒళ్ళు జలదరించింది, కానీ సెకండాఫ్‌లో నా బాధ సినిమా బాధ కాదు, ఇంటర్వెల్‌లో తాగిన రెండు సోడాల బాధ. లేద్దామంటే వరస మధ్యలో సీటు, అటు ఎనిమిది మంది ఇటు తొమ్మిది మంది. అది చాలదన్నట్టు నెలన్నర తిరక్కుండా ఇంకో 20 నిమిషాలు కలిపి రీలోడెడ్ అని మళ్ళీ వేశారు.

ఫస్ట్‌షో_ఫణి
మాయాబజార్ 3 గంటల 4 నిమిషాలు. దాన వీర శూర కర్ణ నాలుగు గంటలకి కాస్త తక్కువ. మన తాతలు సోడాలు తాగలేదా

వన్‌టౌన్_వాసు
తాగారు, కానీ అప్పట్లో నేలలో కూర్చుంటే ఎటు నుంచైనా లేచిపోవచ్చు, ఎవడి మోకాళ్ళూ అడ్డం ఉండవు

సిక్కోలు_చిన్నోడు
నాను బెజవాడొచ్చి పన్నెండేళ్ళయినా మాది సిక్కోలే. తండేల్‌కి మాస్టారు 2.75 ఇచ్చి, హీరో యాస "అచ్చం శ్రీకాకుళం మత్స్యకారుడే" అన్నాడు. ఏటి బాబూ ఆ మాట. కష్టపడ్డాడు, కాదన్ను, ముందు సినిమాలతో పోలిస్తే శానా నయం. కానీ మా మావయ్యోళ్ళు తీరం మీద మాటాడితే సగం మింగీసి మాటాడతారు, గాలి హోరుకి గట్టిగా అరిసి ఆఖర్న తెంపీస్తారు. సినిమాలో ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది. ఇంకోటి, 2018లో మనోళ్ళు గుజరాత్ వేరావల్ నుంచి బోట్ల మీద ఏటకెళ్ళి పాకిస్తానోళ్ళకి దొరికిపోయి 2020 జనవరిలో వాఘా దాటొచ్చారు, ఏడాది దాటింది. ఆ ఏడాదీ ఇక్కడ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో సినిమాలో ఇంకొంచెం ఉండాలి. అదడగలేదు మాస్టారు. పాట లొకేషన్ బాగోలేదని అడిగాడు.

పటమట_పద్మ
చిన్నోడు గారు ఇలా రాయండి ఇంకా, మీరే రివ్యూలు చెప్పండి

సిక్కోలు_చిన్నోడు
నాకు పావులు రావమ్మా, బాగుంటే బాగుంది నేకపోతే నేదు

వకీలు_వెంకట్
నాజ్‌సెంటర్ ఆయనకి హనుమాన్ ఎలాగో నాకు కోర్ట్ సినిమా అలాగ. 2025 మార్చి 14న వచ్చింది, మాస్టారు 3.25, నేనూ దాదాపు అంతే ఇస్తా. మంగపతి పాత్రలో శివాజీని చూసి మా జూనియర్ అమ్మాయి మరుసటి రోజు కూడా కోపంగానే ఉంది. అయితే మాస్టారు పట్టుకున్న తప్పు ఏంటంటే, ఫస్టాఫ్‌లో లవ్ ట్రాక్ సాగింది అని. అసలు మాట్లాడాల్సింది వేరే ఉంది. సినిమాలో పెట్టిన కేసు పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. అది 2012లోది, సెక్షన్ 37 ప్రకారం విచారణ ఇన్ కెమెరా, అంటే తలుపులు మూసి జరగాలి. సినిమాలోలాగా రెండు వైపుల చుట్టాలూ బెంచీల మీద కూర్చుని వాదనలు వింటూ గుసగుసలాడటం కుదరదు. నేను ఇది కథ కోసం తీసుకున్న స్వేచ్ఛ అని సరిపెట్టుకున్నా, ఎందుకంటే చట్టం అసలు చదవకుండా కుర్రాడి మీద ఎలా రుద్దుతారో చూపించినంత బాగా ఈ మధ్య ఎవరూ చూపించలేదు. కానీ వీడియోలో "కోర్టు ప్రొసీజర్ పక్కాగా చూపించారు" అని మాస్టారు సర్టిఫికెట్ ఇచ్చేశాడు. తెలిసిన విషయానికి పావు తగ్గిస్తాడు, తెలీని విషయానికి పావు కలుపుతాడు. నాకు అర్థమైంది ఇదే.

కొత్తపేట_కారం
వకీలు గారూ సరిగ్గా నా పాయింటే, నేను తుమ్ములతో చెప్పా మీరు సెక్షన్లతో చెప్పారు

ఏలూరురోడ్డు_క్యాషియర్
బ్యాంకులో పాతికేళ్ళు. లక్కీ భాస్కర్‌కి 3.25 ఇస్తూనే "బ్యాంకు రసీదుల గొడవ సామాన్యుడికి బుర్రకెక్కదు" అన్నాడు. మా అమ్మ ఏడో క్లాసు, ఇంటర్వెల్‌కే చెప్పేసింది, లేని సరుక్కి చీటీ రాసి ఆ చీటీ చూపించి ఇంకోడి దగ్గర డబ్బు తెచ్చాడు అంతేగా అని. 1992 హర్షద్ మెహతా స్కామ్ మొత్తం ఒక్క వాక్యం. సామాన్యుడు అంటే ఈయన ఉద్దేశంలో ఎవరో.

లాంగ్‌టర్మ్_లక్కీ
లిటిల్ హార్ట్స్ ఎవరూ ఎత్తట్లేదేంటి. 2.25 అంట, కథే లేదంట. అన్నా నేను ఎంసెట్‌లో పోయి బెంజి సర్కిల్ దగ్గర హాస్టల్లో లాంగ్ టర్మ్ చేసిన బ్యాచ్. పొద్దున ఐదుకి బెల్లు, స్టడీ అవర్, ఉప్మా, మళ్ళీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు. ఆ బతుకులో కథ ఎక్కడుంటుంది? పక్క బెంచీ అమ్మాయి పెన్ను అడగటమే కథ. దాని మీద మేం నెల రోజులు బతికాం. ఆ సినిమాలో హీరోకి ర్యాంకు రాదు, ఆ అమ్మాయికీ రాదు, పైగా తను మూడేళ్ళు పెద్ద. థియేటర్లో మా బ్యాచ్ 14 మందిమి ఒకటే అరుపులు. మాస్టారు ఎప్పుడన్నా ఫెయిలయ్యాడో లేదో కనుక్కోండి.

ఫస్ట్‌షో_ఫణి
ఫుల్ మార్కులు ఎప్పుడూ ఇవ్వని మనిషి ఫెయిలయ్యే ఉంటాడు

మాచవరం_మాస్
అన్నీ సోదిలెండి. పెద్ద హీరోకి 2.75 తగ్గదు, చిన్న సినిమాకి 2.25 దాటదు, మధ్యలో కవర్లు చేతులు మారతాయి. అందరికీ తెలిసిందే.

వకీలు_వెంకట్
అందరికీ తెలిసింది అనేది సాక్ష్యం కాదు తమ్ముడూ. కాగితం ఉందా?

మాచవరం_మాస్
కాగితం ఎవడిస్తాడండీ

మోడరేటర్
మాస్ గారూ, డబ్బు తీసుకున్నాడు అనే మాట ఆధారం లేకుండా ఇక్కడ వద్దు. ఇంకోసారి వస్తే పోస్టు తీసేస్తా. సినిమాల మీద ఎంతైనా కొట్టుకోండి.

గవర్నర్‌పేట_గోపి
నేనే ఇంత తిడుతున్నా గానీ అది నేనూ ఒప్పుకోను. ఆ రోజు ఆయన కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి సొంత డబ్బులతో టికెట్ కొన్నాడు, చూశా. హనుమాన్‌కి 3.25 ఇచ్చింది కూడా ఆయనేగా, అదేం పెద్ద హీరో సినిమా?

గాంధీనగర్_గుమస్తా
నేను గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు రాసే మనిషిని, ఏ ఆఫీసని అడక్కండి. ఈ రివ్యూల బలం ఎంతో మా టేబుల్ మీద తెలిసిపోతుంది. పెద్ద సినిమా అయితే టికెట్లన్నీ గురువారానికే అమ్ముడైపోయి ఉంటాయి, పుష్ప 2 ప్రీమియర్ 800, ఓజీ ప్రీమియర్ 1000 పెట్టి కొన్నవాడు మాస్టారి మాట విని కొన్నాడా? వీడియో బయటికొచ్చేసరికి మొదటి రోజు గ్రాస్ గల్లాపెట్టెలో ఉంటుంది. అక్కడ ఆయన 1.25 ఇచ్చినా శనాదివారాలు కదలవు, సోమవారం మ్యాట్నీకి తెలుస్తుంది దాని ఆయుష్షు. చిన్న సినిమా అట్టా కాదు. శుక్రవారం మార్నింగ్ షో కృష్ణా జిల్లా మొత్తం కలిపి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క, చూస్తే ఏడుపొస్తుంది, కొన్ని సెంటర్లలో కరెంటు ఖర్చు కూడా రాదు. అప్పుడు ఇలాంటి మనిషి సాయంత్రం "వెళ్ళండయ్యా" అంటే శనివారం ఫస్ట్ షోకి వంద మంది, ఆదివారానికి హౌస్‌ఫుల్ బోర్డు. "కథే లేదు" అంటే సోమవారం ఆ తెర మీద ఇంకో సినిమా. లిటిల్ హార్ట్స్ లాంటివి జనం మాట మీద ఆయన్ని దాటుకుని బతికాయి, అన్నీ బతకవు. కాబట్టి పావే గదా అని తీసెయ్యకండి. పెద్ద సినిమాకి ఆ పావు గీరుకోవటం లాంటిది, చిన్న సినిమాకి అది కోత.

వకీలు_వెంకట్
దీని మీద కోర్టుల దాకా వెళ్ళారు గుమస్తా గారూ. 2024లో కేరళ హైకోర్టుకి అమికస్ క్యూరీ, అంటే కోర్టుకి సాయంగా పెట్టిన లాయరు, ఇచ్చిన రిపోర్టులో రిలీజైన 48 గంటల దాకా వ్లాగర్లు ఆగితే మంచిదని సూచించారు. అదే ఏడాది డిసెంబర్‌లో తమిళ నిర్మాతలు మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపమని అడిగితే మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు.

ఫస్ట్‌షో_ఫణి
మూడు రోజులు ఆగితే ఇక్కడ మనకి పనేముంటుంది

బ్రాడీపేట_భాను
బలగం గురించి ఒకటి చెప్పాలి. 2023 మార్చిలో మాస్టారు 3.25 ఇచ్చి చివర్లో "తెలంగాణ యాస, పిట్టకి పిండం పెట్టే తంతు, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎక్కడం కష్టం" అన్నాడు. మా నాన్నని తీసుకెళ్ళా. మా నాన్నకీ పెదనాన్నకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు, సినిమాలో నల్లి బొక్క, అదే మూలగ ఎముక, దగ్గర మొదలైన గొడవలాగే మాది శుభలేఖలో పేరు కింద పడిందని మొదలైంది. యాస మా నాన్నకి ఒక్క ముక్క అడ్డం రాలేదు. చివర బుడగజంగాల పాట వస్తుంటే ఆయన తల వంచుకుని చెప్పులు వెతుక్కుంటున్నట్టు కూర్చున్నాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. కార్లో శంకర్ విలాస్ సెంటర్ దాటాక "మీ పెదనాన్న నంబరుందా" అన్నాడు. ఉంది చెయ్యనా అన్నా. "రేపు చేద్దాంలే" అన్నాడు. ఇప్పటిదాకా చెయ్యలేదు. ఆ సినిమా చూసి అన్నదమ్ములు కలిసిపోయారని అప్పట్లో చాలా రాశారు, మా ఇంట్లో కలవలేదు. కానీ నంబరుందా అని అడిగాడు చూడండి, అది నాకు తెలిసి పదకొండేళ్ళలో మొదటిసారి.

పటమట_పద్మ
మీరే చెయ్యండి భాను గారూ ఫోన్

బ్రాడీపేట_భాను
చేసిస్తే తీసుకోడండీ, నాకు తెలుసు ఆయన సంగతి

సింగ్‌నగర్_సుబ్బు
సరిపోదా శనివారం ఆగస్టు 29న వచ్చింది 2024లో. మాస్టారి 3.25 చూసి శనివారం సెకండ్ షో ప్లాన్ చేశాం, పేరు కలిసొచ్చిందని. వానకి మానుకున్నాం. తెల్లారి సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకొచ్చింది. శనివారం సరిపోలేదు. డాబా మీద నాలుగు రోజులు, పాల ప్యాకెట్లు పడవలో. తర్వాత వారమే 35 చిన్న కథ కాదు వచ్చింది, మేం అప్పుడు ఫ్రిజ్‌లోంచి బురద గరిటెలతో తీస్తున్నాం. దానికి మాస్టారు 2.75, నెమ్మదిగా ఉంది అన్నాడు. అక్టోబర్‌లో ఆహా ఓటీటీలో వచ్చాక ఫోన్లో చూశాం, టీవీ పోయిందిగా. మావాడికి లెక్కల్లో 18 వచ్చిన నెల అది. అందులో ఆ పిల్లాడు అడుగుతాడు, సున్నాకి విలువ లేదంటారు, మరి 1 పక్కన చేరగానే 9 కంటే పెద్దదెలా అయింది అని. మావాడు ఫోన్ ఆపేసి నా మొహం చూశాడు, "నాన్నా ఇది నేనూ అడిగా, సార్ కొట్టాడు" అన్నాడు. నాకేం చెప్పాలో తెలీలా. నెమ్మదిగా ఉందంట. ఆ సినిమా నెమ్మదిగా ఉండకపోతే వాడికి ఆపి ఆ మాట చెప్పే టైం ఎక్కడిది?

నాజ్‌సెంటర్_నజీర్
సుబ్బు అన్నా ఇది చదివి ఏం రాయాలో తెలియట్లా

ఫస్ట్‌షో_ఫణి
నేను కూడా జోకు వెయ్యను

వన్‌టౌన్_వాసు
మరి సార్ ఏమన్నాడు తర్వాత

సింగ్‌నగర్_సుబ్బు
ట్యూషన్ మార్చా. ఇప్పుడు 41 వచ్చాయి

ఫస్ట్‌షో_ఫణి
పావు కలిపితే 41.25

రీల్‌బాక్స్_తాత
మా మనవడు టైపు చేసి పెడుతున్నాడు, తప్పులుంటే వాడివి. నేను ఇక్కడి హాళ్ళలో ముప్ఫై రెండేళ్ళు ఆపరేటర్‌గా చేశాను, కార్బన్ పుల్లలతో ప్రొజెక్టర్ వెలిగించే రోజుల నుంచి డిజిటల్ వచ్చి మమ్మల్ని పంపించేదాకా. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు, పదహారు రీళ్ళ సినిమా అంటే మూడు గంటలకి ఓ పిసరు తక్కువ. మాకు సినిమా చూడటం కుదిరేది కాదు, క్యాబిన్ గోడలో చిన్న కిటికీ ఉండేది, అందులోంచి తెర సరిగ్గా పడుతోందా లేదా చూడాలి. నేను తెర చూసేవాణ్ణి కాదు, జనాన్ని చూసేవాణ్ణి. అప్పట్లో హాల్లో బీడీలు కాల్చేవాళ్ళు, వద్దని స్లైడు వేసినా ఆగేవాళ్ళు కాదు. సినిమా పట్టు మీద ఉన్నంతసేపు చీకట్లో ఒక్క నిప్పు కనపడదు, నోట్లో పెట్టుకున్న బీడీ కూడా వెలిగించడం మర్చిపోతారు. పట్టు జారగానే అక్కడొకటి ఇక్కడొకటి ఎర్ర చుక్కలు వెలిగేవి. నేను లెక్కబెట్టేవాణ్ణి. పన్నెండో రీలులో ముప్ఫై చుక్కలు దాటితే మేనేజరు గారితో చెప్పేవాణ్ణి, అయ్యా ఇది రెండో వారం ఉండదు అని. ఆయన మొదట్లో తిట్టేవారు, తర్వాత తర్వాత ఆయనే మెట్లెక్కి వచ్చి ఎన్ని అని అడిగేవారు. మీ మాస్టారు చేసే పని చెడ్డదేం కాదు. కాకపోతే ఆయన ముందుకి చూస్తాడు, నేను కిందకి చూసేవాణ్ణి.

గాంధీనగర్_గుమస్తా
తాతగారూ ఈ మాట మా ఓనరుకి చదివి వినిపించా. నవ్వి, "ఆయన్ని అప్పుడే జీతానికి పెట్టుకోవాల్సింది" అన్నారు

లాంగ్‌టర్మ్_లక్కీ
తాత ఎప్పుడన్నా తప్పు లెక్కబెట్టారా?

రీల్‌బాక్స్_తాత
రెండు మూడు సార్లు. ఒకసారి చుక్కలే లేవు, సినిమా బ్రహ్మాండం అని చెప్పాను, మూడో రోజుకి ఎత్తేశారు. తర్వాత తెలిసింది, ఆ రోజు బయట బడ్డీకొట్లు బంద్.

ఫస్ట్‌షో_ఫణి
😂😂😂 ఇదీ రివ్యూ అంటే

బ్రాడీపేట_భాను
గోపి గారూ, మీ ప్రశ్నకి ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నా. నవ్విన మనిషీ రేటింగ్ ఇచ్చిన మనిషీ ఒకళ్ళే, కాకపోతే ఇంటికెళ్ళేసరికి ఆ నవ్వుకి సిగ్గుపడినట్టున్నాడు. 2.25 ఇవ్వడం తప్పని ఇప్పటికీ అనను. "నేను పడీపడీ నవ్వాను, అయినా 2.25 ఎందుకంటే" అని మొదలుపెట్టి ఉంటే మీరు ఇది రాసేవాళ్ళే కాదు.

గవర్నర్‌పేట_గోపి
రాసేవాణ్ణి కాదు. తొడ చరిచిన సంగతి కూడా చెప్పాలి కానీ

పటమట_పద్మ
మా అత్తగారు ఇవన్నీ విని ఏమందంటే, ఆయన 2.25 ఇచ్చిన వాటికే నన్ను తీసుకెళ్ళు, 3.25 ఇచ్చినవి మీ ఆయనా నువ్వూ చూసుకోండి అని. మా ఇంట్లో ఆయన పావులు ఇలా వాడుతున్నాం.

కొత్తపేట_కారం
సరే ఈ శుక్రవారం ఎవరెవరు వెళ్తున్నారు

గవర్నర్‌పేట_గోపి
నేను వెళ్తున్నా, ఫస్ట్ షో, రివ్యూ చూడకుండా. పండగ సినిమా కాకుండా ఇలా వెళ్ళడం నాలుగేళ్ళలో మొదటిసారి. బీడీలు లేవు కాబట్టి బాల్కనీ ఆఖరి వరసలో కూర్చుని ఫోన్ల వెలుతుర్లు లెక్కబెట్టి ఇక్కడ పెడతా.

రీల్‌బాక్స్_తాత
మొదట్లో లెక్కబెట్టకు బాబూ, టికెట్ డబ్బులు గుర్తున్నంతసేపు అందరూ బుద్ధిగా చూస్తారు. ఇంటర్వెల్ అయ్యాక సమోసాలు అయిపోవాలి, జనం చేతులు తుడుచుకోవాలి, ఇంకో పది నిమిషాలు ఆగు. అప్పుడు మొదలుపెట్టు.

గవర్నర్‌పేట_గోపి
అలాగే తాతగారూ

వన్‌టౌన్_వాసు
గోపీ, చివర సీటు తీసుకో. మధ్యలో వద్దు. చెప్పలేదనకు